దసరా తర్వాతి అక్షరాలు

ఈమధ్య కొత్తగా ఇంగ్లీషు టీచర్లుగా చేరిన పిల్లలు కొందరు మా ఇంటికి వచ్చి, "అమ్మా, మీ అనుభవాలు చెప్పండి" అని కూర్చున్నారు. కాఫీ ఇచ్చాను. అనుభవాలు మాత్రం నోటికి రాలేదు. వచ్చినవన్నీ తిట్లే. ఇన్‌స్పెక్టర్ల మీద, మేనేజరు మీద, ఎప్పుడొస్తుందో తెలియని జీతం మీద. వాళ్లు విని నవ్వుకుని వెళ్లారు. వెళ్లాక నా మీద నాకే కోపం వచ్చింది. ఇంత కాలం చేసిన ఉద్యోగంలో చెప్పదగ్గది ఇదేనా ఎస్తేరమ్మా అని నన్ను నేనే ప్రశ్నించుకున్నాను. అందుకే కూర్చుని రాస్తున్నాను.

చెప్పదగ్గది నిజానికి ఒక్కటే ఉంది. ఇద్దరు అక్కచెల్లెళ్ల సంగతి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో జరిగింది. అది గుర్తొచ్చిన రోజు ఇప్పటికీ నాకు అన్నం సయించదు. అలాగని నా తప్పని గుండెలు బాదుకోవడానికి రాయడం లేదు. తప్పు ఎవరిదో ఇన్నేళ్లయినా నాకు తేలలేదు. మీకేమైనా తేలుతుందేమో చూడండి.

గోడ మీది అక్షరం

నేను చేరింది కుందేరు ఒడ్డున ఒక ఊళ్లో మిషన్ బడి. కర్నూలు జిల్లా, కడప జిల్లా కలిసే చోటు. బడి ఎనిమిదో తరగతి వరకే. కర్నూలు కొత్తగా రాజధాని అయిన రోజులవి. డేరాల్లో ఆఫీసులు పెట్టారట, ఇంగ్లీషు నాలుగు ముక్కలు వస్తే చాలట, అటెండరు పనైనా దొరుకుతుందట అని అందరికీ ఆశ. కరువులో గంజి కేంద్రాల ముందు చెంబు పట్టుకుని నిలబడిన పిల్లలే వచ్చి మా బెంచీల మీద కూర్చున్నారు. వాళ్ల అమ్మానాన్నలు ఇంగ్లీషు అనే మాటను మందు పేరు చెప్పినట్టు చెప్పేవాళ్లు.

హెడ్మాస్టరు పేరు దానయ్య. ఊరంతా దానయ్య అయివారు అనేవాళ్లు. పొట్టి మనిషి. రోళ్లు పగిలే ఎండలో కూడా కోటు విప్పేవాడు కాదు. కూలి చేసుకునేవాళ్ల ఇంట్లో పుట్టి, చర్చి వరండాలో ఒక ముసలి పాస్టరు దగ్గర ఇంగ్లీషు నేర్చుకున్నాడు. ఆ పాస్టరు ఎట్లా చెప్పాడో ఈయన మాకూ అట్లాగే చెప్పమనేవాడు.

ఆ పద్ధతి ఏమిటంటే వారానికి ఒక అక్షరం. బడి వరండాలో గోడకు మసి పూసి నల్లగా చేయించాడు. సోమవారం పొద్దున ప్రార్థన కాగానే ఆ గోడ మీద అక్షరాన్ని పెద్దగా రాసేవాడు. దాని కింద ఆ అక్షరంతో మొదలయ్యే మాటలు, పక్కన తెలుగు అర్థాలు. పెద్ద అక్షరాలకు రెండు వారాలు. బడికంతా ఉన్నది ఒకే డిక్షనరీ. దాన్ని కూడా ఆయన కుట్లు విప్పించి, అక్షరానికొక పుస్తకంగా విడివిడిగా కుట్టించి బీరువాలో పెట్టి తాళం వేశాడు. ఏ వారానికి ఏ అక్షరమో ఆ పుస్తకం ఒక్కటే మా చేతికి ఇచ్చేవాడు.

శుక్రవారం సాయంత్రం బడంతా వరండా ముందు కూర్చునేది. ఒకరు మాట అంటే అందరూ అర్థం అరవాలి. "లాంప్ అంటే?" "దీపం!" "లెటర్ అంటే?" "జాబు!" లవ్ అనే మాట వచ్చినప్పుడు పెద్ద పిల్లలు ముసిముసిగా నవ్వేవాళ్లు. దానయ్య అయివారు బెత్తం చూపించి, "లవ్ అంటే దేవుని ప్రేమ" అని అందరిచేతా చెప్పించేవాడు. ఆ అరుపులు బజారు దాకా వినిపించేవి. అంగళ్ల వాళ్లకు కూడా సగం మాటలు వచ్చేవి. అబద్ధం ఎందుకు, నాకూ శుక్రవారాలంటే ఇష్టంగానే ఉండేది.

శనివారం పిల్లలు తడిగుడ్డతో గోడ తుడిచేసేవాళ్లు. తుడిచిన అక్షరం మళ్లీ ఆ ఏడు గోడ ఎక్కదు. అది అయివారి నియమం. "బడికి రానోడి కోసం బండి ఎనక్కి తిప్పుతామా?" అనేవాడు.

ల్యాడర్ వచ్చు, మిల్క్ రాదు

సుగుణ ఎనిమిదో తరగతి. క్రైస్తవుల పేటలో ఓబన్న, మార్తమ్మ అని కూలి చేసుకునే దంపతుల పెద్ద కూతురు. తనంతట తాను మాట్లాడే రకం కాదు. అడిగితే నిదానంగా, సరిగ్గా చెప్పేది. దాని చెల్లెలు కరుణ ఆరో తరగతి, ఆ ఏడే మా బళ్లో చేరింది. అది మాత్రం చిచ్చుబుడ్డి. శుక్రవారం అరుపుల్లో దాని గొంతు ఒక్కటీ విడిగా వినిపించేది. మేము అర్థం అడగకముందే అర్థం చెప్పేసి, "ఇంగొగటి అడగండి టీచరమ్మా" అనేది.

ఒకరోజు నేను ఎనిమిదో తరగతిలో పాత మాటలు అడుగుతున్నాను. "సుగుణా, ల్యాడర్ అంటే?" "నిచ్చెన." "క్వారల్ అంటే?" "కొట్లాట." "రెయిన్?" "వాన." "మిల్క్?"

నోరు తెరవలేదు.

"ఏమే, నిచ్చెన వచ్చు, కొట్లాట వచ్చు, పాలు రావా? ఇంట్లో పాలు చూళ్లేదా?" అన్నాను. నా నోరు అట్లాంటిది. పిల్లలు నవ్వారు. అప్పుడు ఆరో తరగతి నుంచి తొంగి చూస్తున్న కరుణ గట్టిగా అంది, "పాలు దసరా అయినాక వస్తాయి టీచరమ్మా. అప్పుడు మా అక్క ఈడ ఉండదు."

నాకు అర్థం కాలేదు. మధ్యాహ్నం పిలిచి అడిగితే సుగుణ చెప్పింది. దసరా కాగానే పేటలో సగం మంది గుంపుగా పత్తికొండ వైపు ఎర్రనేలలకు వేరుశనగ పీకడానికి పోతారు. పని చేయగల ఆడపిల్ల ప్రతి ఒక్కతీ పోతుంది. తిరిగి క్రిస్మసుకు వస్తారు. జూన్‌లో ఏ దగ్గర మొదలైన మా గోడ దసరా సెలవులకు ఎల్ దగ్గరికి చేరుతుంది. వీళ్లు తిరిగొచ్చేసరికి గోడ మీద క్యూ ఉంటుంది. ఎం, ఎన్, ఓ, పీ ఈ పిల్లలు ఏ ఏడూ చూడలేదు.

పేట పిల్లలందరినీ నిలబెట్టి అడిగి చూశాను. అందరిదీ అదే కథ. ఎల్ దాకా గలగలా చెబుతారు. తర్వాత నోరు పడిపోతుంది. క్యూ దగ్గర మళ్లీ లేస్తుంది. మా బళ్లో ఇన్నేళ్లుగా జరుగుతున్నది ఇది. ఒక్కరం గమనించలేదు. వీళ్లు మొద్దులు, వీళ్లకు బుద్ధి నిలవదు అని మార్కులు వేసి పంపాం.

మీకు నేను చెప్పే మొదటి మాట ఇదే. బడికి రాని పిల్లను ఎందుకు రాలేదని అడగడం సులభం. అది రాని రోజుల్లో మీరు ఏం చెప్పారో చూసుకోండి.

జోడు

ఆ ఏడు దసరాకు ముందు ఆదివారం పాస్టరు చర్చిలో ఒక సంగతి చెప్పాడు. కడప వైపు ఒక మిషన్ ఆసుపత్రిలో ఎనిమిదో తరగతి దాకా వచ్చిన ఆడపిల్లలను నర్సు ట్రైనింగుకు తీసుకుంటారట. క్రిస్మసు కాగానే దొరసాని డాక్టరు స్వయంగా పరీక్ష చేస్తుందట. ఇంగ్లీషులో చెప్పిన పని అర్థం చేసుకునే పిల్లలైతేనే తీసుకుంటుందట. మూడేళ్లు భోజనం, బస వాళ్లవే. తర్వాత ఉద్యోగం.

సుగుణ ఆ రోజు చర్చి నుంచి నేరుగా మా ఇంటికి వచ్చింది. ఎప్పుడూ తలవంచుకునే పిల్ల నా ముఖంలోకి చూసి, "టీచరమ్మా, నేను పోతా. నేను పోకపోతే ఈ ఎండాకాలం మా మామ కొడుక్కు ఇచ్చి చేస్తారు. నేను పోతే మా కరుణను గూడా నేనే సదివిచ్చుకుంటా" అంది.

నేను కూర్చుని ఆలోచించాను. నర్సుకు ఏ మాటలు కావాలి? మందు, పాలు, సూది, నూనె, నొప్పి, రోగి, తలగడ, నాడి. మెడిసిన్, మిల్క్, నీడిల్, ఆయిల్, పెయిన్, పేషెంట్, పిల్లో, పల్స్. దేవుడా, దానికి కావలసినవన్నీ అది ఎన్నడూ చూడని అక్షరాల్లోనే ఉన్నాయి. ఈసారి కూడా వేరుశనగకు పోతే, తిరిగొచ్చిన వారంలోనే పరీక్ష.

ముందు దానయ్య అయివారి దగ్గరికి పోయాను. ఎం నుంచి పీ దాకా ముందే చెప్పేద్దాం, దసరా లోపల ఎంత అయితే అంత, పేట పిల్లలందరికీ పనికొస్తుంది అన్నాను.

ఆయన కుర్చీలోంచి లేచాడు. "అచ్చరాల వరస మారిస్తే ఎట్లమ్మా? నాకు ఇంగ్లీషు వచ్చిందే వరసలో. ఇప్పటికీ ఏదన్నా మాట కావాలంటే ఆ అచ్చరం మొదటి నుంచి మనసులో సదువుకుంటా వస్తే గానీ నాకు తగలదు. వరస పోతే నాకేమీ మిగలదు. నువ్వు కాలేజీలో సదివినావు, నీకేం తెలుస్తాది" అన్నాడు.

అన్నది కోపంగానే గానీ కళ్లల్లో భయం కనిపించింది. నాకూ కోపం వచ్చింది. తలుపు గట్టిగా వేసి వచ్చేశాను. ఇప్పుడు ఆలోచిస్తే ఆయన మీద జాలి కలుగుతుంది. ఆయనను మనిషిని చేసింది ఆ వరస. దాన్ని నేను కదిలించబోయాను.

సాయంత్రం పేటకు పోయాను. ఓబన్న గుద్దలికి కొత్త పిడి తొడుగుతున్నాడు. మార్తమ్మ మూటలు కడుతోంది.

"ఓబన్నా, ఈ ఒక్క ఏడు సుగుణను నా దగ్గర వదిలి పొండి. మా ఇంట్లోనే ఉంటుంది. పీ దాకా చెప్పి పరీక్షకు నేనే తీసుకుపోతా" అన్నాను.

"నీకేమమ్మా, శానా సులభంగా సెప్తాండావు" అన్నాడు ఓబన్న. "మేస్త్రీ జోడు లెక్కన పిలుస్తాడు. ఒగరు తవ్వి పీకల్ల, ఒగరు ఎనకాలే కాయ ఇడిపిచ్చుకుంటా పోవల్ల. నేను, మా తమ్ముడు ఒగ జోడు. మార్తమ్మ, సుగుణ ఒగ జోడు. జోడు లేని మనిషికి చేన్లో సాలు ఇయ్యరు. సుగుణ రాకపోతే మార్తమ్మ గూడా ఇంట్లో కూసోవల్ల. ఏడాదికి తినే గింజలు యాడ నుంచి వస్తాయి?"

సుగుణ గుంజకు ఆనుకుని నేల చూస్తోంది.

అప్పుడు పొయ్యి దగ్గర నుంచి కరుణ వచ్చింది. "అక్క బదులు నేను పోతాలే నాయనా. కాయ ఇడిపిచ్చేది నాకు వచ్చు" అంది.

"నీకా? నిన్ను ఈదిలో నిలబెడితేనే నిలబడవు, సాలులో నిలబడతావా?" అన్నాడు తండ్రి నవ్వుతూ.

"నిలబడతా. రెండు నెలలో, రెండున్నరో. అంతే గదా టీచరమ్మా?"

"అంతే" అన్నాను. నాకు ప్రాణం లేచి వచ్చింది. "క్రిస్మసుకు వచ్చేస్తావు. నీకు పోయిన అక్షరాలన్నీ నేను చెబుతా. నీకెంత, రెండు రోజుల పని."

"ఒట్టేనా?"

"ఒట్టే."

"అయితే ఎమ్ములో మొదటి మాట ఇప్పుడే సెప్పండి."

అందరం నవ్వాం. "వచ్చినాక చెప్తా పోవే" అన్నాను.

మార్తమ్మ ఒక్కతే నవ్వలేదు. నన్ను సాగనంపడానికి పేట చివరి దాకా వచ్చి అడిగింది, "టీచరమ్మా, పెద్దదానికి ఆ పని దొరికితే, ఇంగ మళ్లా ఈ గుంపులోకి రాదు గదా?"

కూతురు దూరమవుతుందని తల్లి బెంగ అనుకున్నాను. "ఎందుకు రాదు, సెలవులకు వస్తుంది" అని ధైర్యం చెప్పాను. ఆమె వెనక్కి తిరిగి పేటలోకి పోయింది.

తలగడ, నాడి, నొప్పి

ఆ వారాలు నా ఉద్యోగంలో నేను మనసు పెట్టి పాఠం చెప్పిన మొదటి వారాలు. అప్పటిదాకా చెప్పింది కేకలు వేయించడం.

సుగుణ మా ఇంట్లోనే ఉంది. పొద్దున పొయ్యి ముందు, మధ్యాహ్నం బడి వెనక వేపచెట్టు కింద చెప్పేదాన్ని. మొదట్లో గోడ పద్ధతిలోనే మొదలుపెట్టాను. పిల్లో అంటే తలగడ, పల్స్ అంటే నాడి. రెండు రోజుల్లో అన్నీ అప్పజెప్పింది. "సరే, దిస్ పేషెంట్ హ్యాజ్ పెయిన్, అంటే ఏమిటి?" అంటే బిక్కమొహం వేసింది. మాటలన్నీ వచ్చు. మాట మాత్రం రాదు. అప్పుడు తెలిసింది నాకు, మా బళ్లో పిల్లలకు మేము ఇస్తున్నది ఇల్లు కాదు, విడి ఇటుకలని.

తర్వాత మా అమ్మను మంచం మీద పడుకోబెట్టాను. ఆమె రోగి, నేను దొరసానిని, సుగుణ నర్సు. "బ్రింగ్ ద మిల్క్." "గివ్ హర్ ద మెడిసిన్." మా అమ్మ సందు దొరికిందని ప్రతిసారీ నిజంగానే మూలిగేది, "అబ్బా, ఆ నూనె కాస్త మోకాలికి కూడా రాయమ్మా" అనేది. సుగుణ నవ్వడం నేను అప్పుడే మొదటిసారి చూశాను.

దానయ్య అయివారు ఒకరోజు అటు వచ్చి గుమ్మంలో నిలబడి చూశాడు. మర్నాడు బడికి వెళితే నా బల్ల మీద బీరువాలోని పీ పుస్తకం ఉంది. గోడ మీద మాత్రం అప్పటికింకా ఎం రాసి ఉంది.

క్రిస్మసు కాగానే సుగుణను బస్సెక్కించి తీసుకుపోయాను. దొరసాని లోపలికి పిలిచింది. నేను బయట బెంచీ మీద చెమటలు తుడుచుకుంటూ కూర్చున్నాను. చాలాసేపటికి వచ్చింది.

"ఏం మాటలు అడిగిందే?"

"మాటలేం అడగలేదు టీచరమ్మా. వార్డులోకి పిలుచుకోని పోయి ఒగ అవ్వ పక్కన నిలబెట్టింది. పిల్లో అనింది. తలగడ సర్దినా. పల్స్ అనింది. చెయ్యి పట్టుకున్నా. పెయిన్ అని అవ్వ తట్టు చూపిచ్చింది. 'నొప్పి యాడ ఉండాది అవ్వా' అని అడిగి, అవ్వ సెప్పిన చోటు దొరసానికి చూపిచ్చినా. గుడ్ అనింది."

"తీసుకుందా?"

తల ఊపింది. ఇద్దరం ఆ బెంచీ మీదే కూర్చుని ఏడ్చాం. దారిన పోయే వాళ్లు ఎవరో చచ్చిపోయారనుకుని మమ్మల్ని ఓదార్చారు.

క్రిస్మసు తర్వాత

మేము తిరిగి వచ్చేసరికి పేటలో కరుణ లేదు. క్రిస్మసుకు వచ్చిన గుంపు, ఆరాధన కాగానే మళ్లీ వెళ్లిపోయింది. వానలు సరిగా లేక ఎర్రనేలల్లో వేరుశనగ అంతంతమాత్రమే. వచ్చిన గింజలు చాలవని మేస్త్రీ వాళ్లను నంద్యాల వైపు పత్తి ఏరడానికి పిలుచుకుపోయాడు. పత్తి అయ్యాక కాలువ పని. మామూలుగా అయితే ఓబన్న ఈ పనులకు కూతుర్లను తీసుకుపోడు. ఈసారి గింజలు చాలక మార్తమ్మ కూడా పోవాల్సి వచ్చింది, ఆమెకు జోడు కావాలి.

వేసవి దాటాక బడి తెరిచాం. గోడ మీద ఏ రాశాం. కరుణ రాలేదు. నేను పేటకు పోయాను. ఇంటికి తడిక కట్టి ఉంది. తర్వాత ఒకసారి మార్తమ్మ దొరికితే నిలదీశాను. "రెండున్నర నెలలు అన్నారు గదా, పిల్లను ఎందుకు పంపలేదు?" అని గద్దించాను.

మార్తమ్మకు కోపం రాలేదు. "నేను ఆ పొద్దే అడిగితి గదమ్మా నిన్ను, పెద్దది మళ్లా గుంపులోకి రాదు గదా అని" అంది.

అప్పుడు తెలిసింది నాకు ఆమె ఏం అడిగిందో. కూతురి మీద బెంగతో అడిగింది కాదు. సుగుణ నర్సయితే ఇక ఎప్పటికీ జోడు కరుణే అని ఆమెకు ఆ రోజే తెలుసు. అయినా పెద్దదానికి దొరికిన దారిని అడ్డుకోలేక ఊరుకుంది. రెండున్నర నెలలని లెక్క వేసింది నేను, సుగుణ, కరుణ. ఆ తల్లి వేసుకున్న లెక్క జీవితాంతం.

మళ్లీ వచ్చిన శుక్రవారాల్లో దానయ్య అయివారు వరండా చివర నిలబడి వినేవాడు. "ఆ పిల్ల గొంతు లేకపోతే అరుపు పలచగా ఉండాది ఎస్తేరమ్మా" అన్నాడు ఒకసారి. ఆ దసరా తర్వాత సోమవారం గోడ మీద ఎం రాసి, కింద మాటలు రాయకుండానే చాక్‌పీసు నా చేతికి ఇచ్చి గదిలోకి పోయాడు. రిటైరయ్యే ముందు బీరువా తాళం ఇస్తూ, "నేను పోయినాక నీ ఇష్టం వచ్చినట్టు సెప్పుకో తల్లీ" అన్నాడు.

ఇష్టం వచ్చినట్టే చెప్పాను. గోడకు సున్నం కొట్టించాను. పేట పిల్లలు పనికి పోకముందే, జూన్ నుంచి దసరా దాకా, వాళ్లకు బతుకులో తగిలే మాటలన్నీ వాక్యాలుగా చెప్పాను. ఆసుపత్రిలో ఏం అడుగుతారు, స్టేషన్‌లో ఏం రాసి ఉంటుంది, మందు సీసా మీద ఏముంటుంది. ఇన్‌స్పెక్టరు వచ్చి సిలబస్ ఏదమ్మా అంటే నోరు చేసుకున్నాను. చాలామంది పిల్లలు ఆ తర్వాత బాగుపడ్డారు. వాళ్ల పేర్లు చెప్పి నన్ను మెచ్చుకుంటారు కూడా. మెచ్చుకున్న ప్రతిసారీ నాకు మాత్రం సున్నం కింది గోడే గుర్తొస్తుంది.

పత్తికొండ వైపు చేను

సుగుణ ట్రైనింగు ముగిసేసరికి రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు లేచిపోయింది. డేరాలు ఎత్తేశారు. అటెండర్లు కావాలనుకున్న మగపిల్లలు చాలామంది మళ్లీ పొలాలకు వచ్చారు. సుగుణకు మాత్రం ఉద్యోగం వచ్చింది. తెల్ల చీర, నల్ల బూట్లు. మొదటి సెలవు దొరకగానే నా దగ్గరికి వచ్చింది.

"పోదాం పాండి టీచరమ్మా. కరుణను తీసుకోని వద్దాం. అమ్మను గూడా పని మానుకోమంటా. ఇంట్లోకి నేను దుడ్లు పంపిస్తా. దాన్ని మళ్లా మీ బళ్లో కూసోబెట్టల్ల" అంది.

దసరా వెళ్లి కొన్నాళ్లయింది. బస్సు దిగి, అడుగుతూ అడుగుతూ చేలగట్ల మీద నడిచాం. ఎర్రమట్టి కాళ్లకు అంటుకుంటోంది. మనుషులు కనిపించకముందే మాకు గొంతులు వినిపించాయి. చిన్న పిల్లల గొంతులు.

"లాంప్ అంటే దీపం. ల్యాండ్ అంటే భూమి. లెటర్ అంటే జాబు. లాస్ అంటే నష్టం. లవ్ అంటే దేవుని ప్రేమ."

సుగుణ నా చెయ్యి పట్టుకుంది. గట్టు దాటి చూస్తే పీకిన చెట్ల కుప్ప చుట్టూ గుంపులోని పిల్లలు గుండ్రంగా కూర్చుని కాయలు విడిపిస్తున్నారు. మధ్యలో ఓణీ కొంగు తలకు చుట్టుకుని కరుణ. ఏపుగా పెరిగింది. వేళ్ల చివర్లు పగిలి నల్లబడ్డాయి. చేతులు వాటంతట అవే పని చేస్తున్నాయి, నోరు పాఠం చెబుతోంది.

మమ్మల్ని చూసి లేచి వచ్చింది. అక్క చీరను ముట్టుకోబోయి, తన చేతులు చూసుకుని వెనక్కి తీసుకుంది. సుగుణే వాటేసుకుంది. ఇద్దరూ ఏడ్చారు. తర్వాత సుగుణ వచ్చిన పని చెప్పింది.

కరుణ నవ్వింది. "ఈ ఎత్తు మనిషిని ఆరో తరగతిలో కూసోబెడితే పిల్లోల్లు నవ్వరా? ఇంగ సాల్లే అక్కా. మామ కొడుకుతో పెండ్లి కుదిరినాది నాకు. నీకు అనుకున్న మనిషే. ఆయప్ప గూడా ఈ గుంపే" అంది. దాంట్లో నిష్టూరం ఉందేమోనని వెతికాను. లేదు. ఉంటే బాగుండేది.

సుగుణ కొంగుతో ముఖం కప్పుకుంది. నేను ఏదో ఒకటి అనాలని, "పిల్లలకు బాగా చెబుతున్నావే. ఎల్ దాకా వచ్చేసింది వాళ్లకు" అన్నాను.

"ఆడికే గదమ్మా నాకు వచ్చేది. ఆడికి పొయ్యి మళ్లా మొదటికి వస్తాం. పని సాగాలంటే నోట్లో ఏదో ఒగటి ఆడతా ఉండల్ల గదా" అంది.

సుగుణ కళ్లు తుడుచుకుని పిల్లల దగ్గర మోకాళ్ల మీద కూర్చుంది. తెల్ల చీరకు ఎర్రమట్టి అంటుకుంది. "తరువాతిది నేను సెప్తా, రండి. ఎమ్ము" అని మొదలుపెట్టింది. పిల్లలు కాయలు వదిలి నోళ్లు తెరిచి చూస్తున్నారు.

కరుణ వంగి, అక్క నోటి మీద చెయ్యి అడ్డం పెట్టింది. ముఖంలో నవ్వు అట్లాగే ఉంది.

"వద్దులే అక్కా. వాళ్లకు ఈ మాత్రం సాలు. ఎల్లు దాటిన అచ్చరాలు గూడా సెప్తే వాళ్లూ నీ మాదిరి పోతారు. ఆమీద వాళ్లమ్మలకు జోడెవురు?"

ఎగతాళికే అంది. పక్క సాలులో గుద్దలి పట్టుకున్న మార్తమ్మ తల ఎత్తలేదు. మేస్త్రీ అటు నుంచి కేక వేశాడు. పిల్లలు గంపలు ఎత్తుకుని తర్వాతి కుప్ప దగ్గరికి పరుగెత్తారు. కరుణ, "పొద్దు పోతాంది, బస్సు దొరకదు, పోండి టీచరమ్మా" అని తల్లి వెనకాల సాలులోకి వెళ్లింది.

సుగుణా నేనూ గట్టు మీద నడిచి వస్తున్నాం. మా ఇద్దరికీ వెనక్కి తిరిగి చూసే ధైర్యం లేకపోయింది. కాసేపటికి ఆ గొంతులు మళ్లీ వినిపించాయి.

"యాంట్ అంటే చీమ. ఆర్మ్ అంటే చెయ్యి. యాక్స్ అంటే గొడ్డలి."